కోకోతో రక్తనాళాలకు మేలెంత? బీపీ, మతిమరుపు ఉన్న ఇళ్లు తెలుసుకోవాల్సిన సంగతులు

పొదిలి: 'రోజూ డార్క్ చాక్లెట్ తినండి, బీపీ మాత్ర మానేయండి'. 'కోకో తాగితే మతిమరుపు దగ్గరికి రాదు'. ఇలాంటి మెసేజీలు ఫోన్లలో తిరుగుతూనే ఉంటాయి. పొదిలి, మార్కాపురం, గిద్దలూరు వైపు ఇళ్లలో బీపీ మాత్ర వేసుకునే పెద్దవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. దాదీకి బీపీ, అబ్బాకి షుగర్ ఉన్న ఇంట్లో ఇలాంటి మాట వింటే ఆశ కలగడం సహజం. మాత్ర చేదు, చాక్లెట్ తీపి. ఏది వదలాలనిపిస్తుందో వేరే చెప్పాలా?

ఈ మెసేజీల్లో కొంత నిజం ఉంది. కోకో గింజలో రక్తనాళాలను కాస్త సడలించే పదార్థాలు ఉన్న మాట వాస్తవం. దీనిపై 25 ఏళ్లకు పైగా పరిశోధనలు జరుగుతున్నాయి. అయితే ఆ మేలు చిన్నది. అంగట్లో దొరికే చాక్లెట్‌లో ఆ పదార్థం చాలాసార్లు నామమాత్రంగానే మిగులుతుంది. బీపీ మాత్రకు అది బదులు కాదు. ఎందుకు కాదో, ఎవరికి ఎంత పనికొస్తుందో, ఎవరు దూరంగా ఉండాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

కోకో మన రాష్ట్రం పంటే

చాక్లెట్ అనగానే విదేశీ వస్తువు అనుకుంటాం. నిజానికి దేశంలో కోకో ఎక్కువగా పండించే రాష్ట్రం ఆంధ్రప్రదేశే. ఏలూరు, పశ్చిమ గోదావరి, తూర్పు గోదావరి, కోనసీమ జిల్లాల్లో కొబ్బరి తోటల్లో, పామాయిల్ తోటల్లో దీన్ని అంతర పంటగా వేస్తారు. కోకో చెట్టుకు నీడ కావాలి, గాలిలో తేమ కావాలి, ఏడాది పొడవునా నీళ్లు అందాలి. అందుకే పెద్ద చెట్ల కింద ఒదిగి పెరుగుతుంది. పొగాకు, కంది, మిర్చి పండే పశ్చిమ ప్రకాశం మెట్ట పొలాలకు ఇది సరిపడదు.

కాయ పగలగొడితే తెల్లటి గుజ్జులో గింజలు ఉంటాయి. వాటిని ఐదారు రోజులు పులియబెట్టి, ఎండబెట్టి కంపెనీలకు అమ్ముతారు. అక్కడ వేయించి, పొట్టు తీసి, నూరుతారు. అలా వచ్చిన ముద్దను పిండితే కొవ్వు విడిపోతుంది. అదే కోకో బటర్. మిగిలిన పిండి కోకో పౌడర్. ఈ రెండింటికీ చక్కెర, పాలపొడి కలిపితే మనకు తెలిసిన చాక్లెట్ అవుతుంది.

2024 చివర్లో ప్రపంచ మార్కెట్‌లో కోకో ధర టన్నుకు 12 వేల డాలర్లు దాటింది. 2025లో ధర పడిపోయి ఏలూరు జిల్లా రైతులు రోడ్డెక్కారు. ధర పెరిగినప్పుడు చాక్లెట్‌లో కోకో పాలు తగ్గించి, వేరే కొవ్వులు, చక్కెర పెంచుకునే అవకాశం తయారీదారులకు ఉంటుంది. ఆరోగ్యం కోసం కొనేవాళ్లు ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవాలని చెప్పడానికి ఇదొక కారణం.

పనిచేసే పదార్థం ఏది?

కోకోలో ముఖ్యమైనవి 'ఫ్లావనాల్స్' అనే పదార్థాలు. వాటిలో 'ఎపికాటెచిన్' అనే దానిపై పరిశోధకులు ఎక్కువ దృష్టి పెట్టారు. కోకోకు ఉండే వగరు, చేదు చాలావరకు వీటి వల్లే. వీటితో పాటు థియోబ్రొమిన్, కొద్దిగా కెఫీన్, మెగ్నీషియం, పొటాషియం కూడా ఉంటాయి.

రక్తనాళాల లోపలి గోడకు పల్చటి పొర ఒకటి ఉంటుంది. దాన్ని ఎండోథీలియం అంటారు. ఈ పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును తయారుచేస్తుంది. ఆ వాయువు నాళం చుట్టూ ఉన్న కండరాన్ని వదులు చేస్తుంది. నాళం వెడల్పవుతుంది, రక్తం సాఫీగా పారుతుంది, ఒత్తిడి తగ్గుతుంది. శరీరంలో నైట్రిక్ ఆక్సైడ్ చేసే ఈ పనిని కనిపెట్టినందుకే రాబర్ట్ ఫర్చ్‌గాట్, లూయిస్ ఇగ్నారో, ఫెరీద్ మురాద్‌లకు 1998లో వైద్య నోబెల్ బహుమతి ఇచ్చారు.

వయసు పెరిగేకొద్దీ, బీపీ, షుగర్, పొగ అలవాటు ఉంటే ఈ పొర దెబ్బతింటుంది. నైట్రిక్ ఆక్సైడ్ తగ్గుతుంది. నాళాలు బిరుసెక్కుతాయి. కోకో ఫ్లావనాల్స్ ఈ వాయువు తయారీని పెంచుతాయని పరీక్షల్లో తేలింది. తాగిన గంట, రెండు గంటల్లో నాళాలు కొంచెం ఎక్కువగా విచ్చుకోవడం కొలతల్లో కనిపిస్తుంది. తర్వాత కొన్ని గంటల్లో ఆ ప్రభావం తగ్గుతుంది.

పొదిలికి దగ్గరి ఉదాహరణ పొగాకే. పొగాకు వేలం కేంద్రం ఉన్న ఊరు ఇది. జర్మనీలోని డ్యూసెల్డార్ఫ్ పరిశోధకులు 2005లో, పొగతాగే కొద్దిమందికి ఫ్లావనాల్స్ ఎక్కువ ఉన్న కోకో తాగించి చూశారు. వాళ్ల నాళాల పనితీరు కాసేపు మెరుగుపడింది. ఆ మెరుగుదల తాత్కాలికమే. ఒక పక్క సిగరెట్, బీడీ కాలుస్తూ మరో పక్క చాక్లెట్ తింటే చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే.

రక్తప్రసరణపై పరిశోధనలు ఏమన్నాయి?

ఈ కథ పనామా దేశం దగ్గరి దీవుల్లో మొదలైంది. అక్కడి కూనా తెగవాళ్లలో వయసు పెరిగినా బీపీ పెరగడం లేదని హార్వర్డ్ వైద్యుడు నార్మన్ హోలెన్‌బర్గ్ బృందం గమనించింది. వాళ్లు రోజూ కోకో పానీయం చాలాసార్లు తాగేవాళ్లు. అదే తెగవాళ్లు పనామా సిటీకి వలస వెళ్తే బీపీ మామూలుగానే పెరిగింది. అంటే దీవుల్లోని జీవితంలో ఏదో ఉంది. అది కోకో ఒక్కటేనా, చేపలు, పండ్లు, శారీరక శ్రమ కూడానా అన్నది ఈ గమనింపు మాత్రమే తేల్చలేదు.

నెదర్లాండ్స్‌లోని జుట్ఫెన్ ఊళ్లో 470 మంది వృద్ధ పురుషులను 15 ఏళ్ల పాటు గమనించారు. 2006లో ఫలితాలు వచ్చాయి. కోకో ఎక్కువగా తీసుకున్న మూడో వంతు మందిలో గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయినవాళ్లు తక్కువగా తీసుకున్నవాళ్లతో పోలిస్తే సుమారు సగమే. వినడానికి బాగుంది. కానీ ఇది గమనించిన లెక్క మాత్రమే. కోకో తాగినవాళ్లకు ఇంకేం మంచి అలవాట్లు ఉన్నాయో పూర్తిగా విడదీయడం కష్టం.

అసలు పరీక్ష వేరే ఉంటుంది. మనుషులను రెండు గుంపులు చేసి, ఒకరికి కోకో, ఇంకొకరికి అలాగే కనిపించే ఉత్తి పొడి ఇవ్వాలి. ఎవరికి ఏది ఇచ్చారో వాళ్లకు తెలియకూడదు. ఇలాంటి 35 పరీక్షలను, మొత్తం 1,804 మందిని కలిపి కోక్రేన్ సంస్థ 2017లో విశ్లేషించింది. సగటున బీపీ తగ్గింది 2 పాయింట్ల లోపే. ముందే బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లలో పై అంకె సుమారు 4 పాయింట్లు తగ్గింది. బీపీ మామూలుగా ఉన్నవాళ్లలో దాదాపు తేడా లేదు. ఆ పరీక్షల్లో చాలావరకు కొన్ని వారాలే నడిచాయి. వాటిలో ఇచ్చిన ఫ్లావనాల్స్ సగటున రోజుకు 670 మిల్లీగ్రాములు.

దీన్ని ఇంటి లెక్కలో చూద్దాం. ఒకరి బీపీ 160 ఉందనుకోండి. కోకోతో 156 అవుతుంది. డాక్టర్ కోరేది 130, 140 దగ్గరికి రావాలని. మిగిలిన దూరం మాత్ర, ఉప్పు తగ్గించడం, నడక దాటించాలి. అందుకే కోకో సాయం చేయగలదు గానీ బరువంతా మోయలేదు.

అన్నిటికన్నా పెద్ద పరీక్ష అమెరికాలో జరిగిన 'కాస్మోస్'. బాస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ హాస్పిటల్ పరిశోధకులు జోఆన్ మ్యాన్సన్, హోవార్డ్ సెస్సో దీన్ని నడిపించారు. 60 దాటిన పురుషులు, 65 దాటిన స్త్రీలు కలిపి 21,442 మంది. కొందరికి రోజూ 500 మిల్లీగ్రాముల ఫ్లావనాల్స్ ఉన్న కోకో సారం మాత్రల్లో ఇచ్చారు. మూడున్నరేళ్లకు పైగా గమనించారు. 2022లో ఫలితాలు వెలువడ్డాయి.

గుండెపోటు, పక్షవాతం వంటి మొత్తం ఘటనలు కోకో తీసుకున్నవాళ్లలో 10 శాతం తక్కువగా కనిపించాయి. అయితే ఈ తేడా యాదృచ్ఛికంగా కూడా రావొచ్చని గణాంకాలు చెప్పాయి. కాబట్టి దాన్ని రుజువుగా తీసుకోలేదు. గుండె, రక్తనాళాల జబ్బులతో మరణాలు మాత్రం 27 శాతం తక్కువ. ఇది పరీక్ష మొదట పెట్టుకున్న ప్రధాన ప్రశ్న కాదు కాబట్టి మరో పరీక్షలో నిలబడాలి. ఫోన్లలో తిరిగే మెసేజీలు ఈ 27 శాతాన్నే పట్టుకుంటాయి, పక్కనున్న మాటను వదిలేస్తాయి. ఇంకో మాట. అక్కడ ఇచ్చింది మాత్రలు. చాక్లెట్ బార్లు కావు.

మెదడుకు మేలుందా?

మెదడు శరీర బరువులో చిన్న భాగమే అయినా దానికి రక్తం చాలా కావాలి. నాళాలు బాగుంటే మెదడూ బాగుంటుందన్నది ఈ పరిశోధనల వెనక ఆలోచన.

ఇటలీలోని లాక్విలా నగరంలో, మతిమరుపు కొద్దిగా మొదలైన 90 మంది పెద్దలపై 2012లో పరీక్ష జరిగింది. ఎనిమిది వారాలు రోజుకు 990, 520, 45 మిల్లీగ్రాముల ఫ్లావనాల్స్ ఉన్న పానీయాలను మూడు గుంపులకు ఇచ్చారు. ఎక్కువ మోతాదులు తీసుకున్నవాళ్లు ఆలోచనా వేగం, మాటల ధారాళత కొలిచే కొన్ని పరీక్షల్లో ముందున్నారు. వాళ్ల బీపీ, ఇన్సులిన్ పనితీరు కూడా మెరుగుపడ్డాయి.

న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో 2014లో 50 నుంచి 69 ఏళ్ల ఆరోగ్యవంతులు 37 మందిని మూడు నెలలు పరీక్షించారు. రోజుకు 900 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్లలో, జ్ఞాపకశక్తికి సంబంధించిన 'డెంటేట్ గైరస్' అనే మెదడు భాగం చురుకు పెరిగినట్టు స్కానింగ్‌లో కనిపించింది. అయితే 37 మంది చాలా చిన్న సంఖ్య.

పెద్ద సంఖ్యకు వచ్చేసరికి ఫలితం మారింది. కాస్మోస్‌లో భాగంగా 2,262 మంది పెద్దలను మూడేళ్లు ఫోన్‌లో పరీక్షించారు. 2022లో వచ్చిన ఆ ఫలితంలో కోకో వల్ల ఆలోచనా శక్తికి మేలు కనిపించలేదు. 2023లో వచ్చిన మరో భాగంలో 3,562 మందిని ఇంటర్నెట్ ద్వారా పరీక్షించారు. మొత్తం మీద తేడా స్పష్టంగా లేదు. కానీ మొదట్లో ఆహారం బాగా లేనివాళ్లలో, ఫ్లావనాల్స్ తక్కువగా తినేవాళ్లలో మాత్రం జ్ఞాపకశక్తి కొంత మెరుగుపడింది.

దీన్ని బట్టి ఒక మాట అనుకోవచ్చు. పండ్లు, కూరగాయలు, టీ వంటివి సరిగ్గా తీసుకోని పెద్దవాళ్లకు ఫ్లావనాల్స్ అందితే కొంత ఉపయోగం ఉండొచ్చు. ఇప్పటికే బాగా తినేవాళ్లకు అదనంగా ఒరిగేది తక్కువ. అల్జీమర్స్ జబ్బును కోకో ఆపుతుందని గానీ నయం చేస్తుందని గానీ ఎవరూ రుజువు చేయలేదు. ఇంట్లో పెద్దవాళ్లు చెప్పిందే చెబుతున్నా, నమాజులో ఎన్ని రకాతులు అయ్యాయో పదేపదే మర్చిపోతున్నా, తెలిసిన దారిలో తప్పిపోతున్నా డాక్టర్‌కు చూపించాలి. థైరాయిడ్, విటమిన్ బి12 లోపం, డిప్రెషన్ వల్ల కూడా మతిమరుపు వస్తుంది. వాటికి వైద్యం ఉంది. చాక్లెట్ పేరుతో ఆ సమయం పోగొట్టుకోకూడదు.

డబ్బు ఎవరిది, మాట ఎవరిది?

కోకో పరిశోధనల్లో చాలావాటికి చాక్లెట్ కంపెనీ మార్స్ డబ్బు సాయం చేసింది. కాస్మోస్‌కూ ఆ గ్రూపు సాయం ఉంది. అందువల్ల పరిశోధన అబద్ధమైపోదు. పేరున్న యూనివర్సిటీలు చేశాయి, మేలు కనబడని ఫలితాలనూ బయటపెట్టాయి. అయినా చదివేవాళ్లు ఈ సంగతి తెలుసుకుని చదవడం మంచిది.

ప్రభుత్వ సంస్థలు జాగ్రత్తగా మాట్లాడాయి. రోజుకు 200 మిల్లీగ్రాముల కోకో ఫ్లావనాల్స్ నాళాలు మామూలుగా విచ్చుకోవడానికి తోడ్పడతాయని చెప్పుకోవచ్చని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2012లో అంగీకరించింది. అమెరికా ఎఫ్‌డీఏ 2023లో, కనీసం 4 శాతం ఫ్లావనాల్స్ ఉన్న ప్రత్యేక కోకో పౌడర్‌కు మాత్రమే, 'ఆధారాలు చాలా పరిమితం' అనే మాటతో కలిపి గుండె జబ్బు గురించి రాసుకోవడానికి వీలిచ్చింది. మామూలు కోకో పౌడర్‌కు, చాక్లెట్‌కు అది వర్తించదు.

అంగట్లో దొరికేదాంట్లో ఎంత ఉంది?

అసలు చిక్కు ఇక్కడే. కోకో చేదు పోవడానికి, రంగు ముదురు కావడానికి చాలా కంపెనీలు దాన్ని క్షారంతో శుద్ధి చేస్తాయి. దీన్ని 'డచ్ ప్రాసెస్' అంటారు. ఈ పనిలో ఫ్లావనాల్స్ పోతాయి. 2008లో అమెరికాలో చేసిన కొలతల్లో సహజ కోకో పౌడర్‌లో గ్రాముకు సగటున 34.6 మిల్లీగ్రాములు ఉంటే, కొద్దిగా క్షారం కలిపినదాంట్లో 13.8, మధ్యస్థంగా కలిపినదాంట్లో 7.8, బాగా కలిపినదాంట్లో 3.9 మాత్రమే మిగిలాయి.

దీనికి లెక్క వేసుకోండి. యూరప్ సంస్థ చెప్పిన 200 మిల్లీగ్రాములకు సహజ కోకో పౌడర్ 6 గ్రాములు చాలు. అంటే దాదాపు రెండున్నర టీస్పూన్లు. బాగా క్షారం పట్టిన పౌడరైతే 51 గ్రాములు కావాలి. కాస్మోస్‌లో ఇచ్చిన 500 మిల్లీగ్రాములకైతే 128 గ్రాములు. అంత పౌడర్ ఎవరూ రోజూ తాగలేరు.

కొనేముందు ప్యాకెట్ మీద ఇవి చూడండి.

మొదటిది, పదార్థాల వరుస. బరువులో ఎక్కువ ఉన్నది ముందు రాయాలని నియమం. చక్కెర మొదటి పేరైతే అది తీపి వస్తువే. డ్రింకింగ్ చాక్లెట్, పిల్లల చాక్లెట్ పౌడర్లలో తరచూ ఇదే పరిస్థితి.

రెండోది, క్షారం గుర్తు. 'ఆల్కలైజ్డ్', 'డచ్', లేదా కోకో పక్కన 'ఆసిడిటీ రెగ్యులేటర్' 500, 501, 524, 525 వంటి అంకెలు ఉంటే ఫ్లావనాల్స్ తగ్గినట్టే అనుకోవాలి.

మూడోది, కొవ్వు. కోకో బటర్‌కు బదులు వెజిటబుల్ ఫ్యాట్ వాడితే దాన్ని 'కాంపౌండ్' అంటారు. కేకుల పైపూతకు, చవక చాక్లెట్లకు వాడేది ఇదే.

నాలుగోది, శాతం. 70 శాతం కోకో అని రాసి ఉంటే కోకో పిండి, కోకో బటర్ కలిపి అంత ఉందని అర్థం. ఫ్లావనాల్స్ ఎంతో ఆ అంకె చెప్పదు. నల్లగా ఉన్నంత మాత్రాన మేలు ఎక్కువనీ కాదు. ముదురు నలుపు చాలాసార్లు క్షారం పుణ్యమే.

చాక్లెట్ బార్ కన్నా చక్కెర లేని సహజ కోకో పౌడర్ అన్ని విధాలా లాభం. 70 శాతం చాక్లెట్ 30 గ్రాములు తింటే సుమారు 170 కేలరీలు, 9 గ్రాముల దాకా చక్కెర వస్తాయి. మిల్క్ చాక్లెట్‌లో దాదాపు సగం చక్కెరే. రోజూ తింటే బరువు, షుగర్ పెరిగి, నాళాలకు చేసిన మేలు అక్కడే కొట్టుకుపోతుంది.

ఇంట్లో ఎలా తీసుకోవాలి?

వైద్యుడి అభ్యంతరం లేనివాళ్లు రోజుకు రెండు, రెండున్నర టీస్పూన్ల సహజ కోకో పౌడర్‌ను గోరువెచ్చని నీళ్లలోనో, కొద్దిగా పాలలోనో కలుపుకోవచ్చు. ముందు కొద్ది నీళ్లతో పేస్ట్ చేసి తర్వాత మిగతాది పోస్తే ఉండకట్టదు. చేదు తట్టుకోలేకపోతే ఒక ఖర్జూరం నలిపి వేసుకోవచ్చు. షుగర్ ఉన్నవాళ్లు దాన్నీ లెక్కలో కలుపుకోవాలి.

పాలు కలిపితే ఫ్లావనాల్స్ ఒంటికి పట్టవని 2003లో ఒక పరిశోధన అంది. తర్వాత వచ్చినవి కొన్ని తేడా లేదన్నాయి. కాబట్టి పాల గురించి పెద్దగా కంగారు అక్కర్లేదు. అరటిపండుతో కలిపి మిల్క్‌షేక్ చేయడం మాత్రం దండగ. అరటిపండులోని ఒక ఎంజైమ్ ఫ్లావనాల్స్‌ను పాడు చేస్తుంది. 2023లో వచ్చిన పరిశోధనలో అరటి స్మూతీ తాగినవాళ్ల రక్తంలో అవి 84 శాతం తక్కువగా కనిపించాయి.

రంజాన్‌లో కోకో తాగాలనుకుంటే ఇఫ్తార్ తర్వాత కాస్త ఆగి తాగడం మేలు. ఖాళీ కడుపుతో కొందరికి గుండెల్లో మంట వస్తుంది. తరావీహ్ అయ్యాక బాగా ఆలస్యంగా తాగితే అందులోని కెఫీన్, థియోబ్రొమిన్ వల్ల నిద్ర పట్టకపోవచ్చు. బీపీ మాత్ర ఇఫ్తార్‌లో వేసుకోవాలా, సహర్‌లోనా అన్నది రోజాలు మొదలవకముందే డాక్టర్‌ను అడిగి తెలుసుకోవాలి.

కొనలేనివాళ్లు బాధపడనక్కర్లేదు. ఇదే కుటుంబానికి చెందిన పదార్థాలు టీ, ఆపిల్, ద్రాక్షలో కూడా ఉన్నాయి. అమెరికా పోషకాహార నిపుణుల సంఘం 2022లో, గుండె, షుగర్ ఆరోగ్యం కోసం రోజుకు 400 నుంచి 600 మిల్లీగ్రాముల ఫ్లావనాల్ రకం పదార్థాలను ఆహారం నుంచే తీసుకోమని సూచించింది. మాత్రలు కొనమని చెప్పలేదు. చక్కెర తగ్గించిన రెండు కప్పుల టీ, ఒక పండు కూడా ఆ దారిలోవే.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి?

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు: పశ్చిమ ప్రకాశంలో ఫ్లోరైడ్ నీళ్ల బాధ పాతది. కిడ్నీ జబ్బుల వార్తలూ ఈ ప్రాంతానికి కొత్త కాదు. కోకోలో పొటాషియం, ఫాస్ఫరస్ ఎక్కువ. క్రియాటినిన్ పెరిగినవాళ్లు, డయాలసిస్ చేయించుకునేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా కోకో మొదలుపెట్టకూడదు. కోకోలో ఆక్సలేట్ కూడా ఎక్కువే కాబట్టి కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు దూరంగా ఉండటమే మంచిది.

రక్తం తక్కువ ఉన్నవాళ్లు: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది. కోకో, టీ రెండూ అన్నంలోని ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. భోజనంతో కలిపి, ఐరన్ మాత్రతో కలిపి తాగొద్దు. మధ్యలో రెండు గంటలు వదలండి.

షుగర్ ఉన్నవాళ్లు: చక్కెర లేని పౌడర్ వేరు, చాక్లెట్ వేరు. 'షుగర్ ఫ్రీ' చాక్లెట్‌లోనూ కొవ్వు, కేలరీలు అలాగే ఉంటాయి.

పిల్లలు, గర్భిణులు: డార్క్ చాక్లెట్లలో సీసం, కాడ్మియం అనే లోహాలు కనిపించిన సందర్భాలున్నాయి. అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ 2022లో 28 రకాలు పరీక్షిస్తే 23 రకాల్లో ఈ లోహాలు ఆ సంస్థ పెట్టుకున్న హద్దు దాటాయి. పిల్లలు, గర్భిణులు రోజూ తినకుండా అప్పుడప్పుడు కొద్దిగా తింటే చాలు.

మైగ్రేన్, గ్యాస్, గుండె దడ ఉన్నవాళ్లు: కోకోతో ఎక్కువవుతున్నాయేమో గమనించుకుని ఆపేయాలి.

హలాల్ విషయంలో

ఉత్త కోకో పౌడర్ చెట్టు నుంచి వచ్చిందే కాబట్టి ఇబ్బంది లేదు. చాక్లెట్‌లో మాత్రం చూసుకోవాలి. విదేశాల నుంచి వచ్చిన చాక్లెట్లలో కొన్నిటి లోపల రమ్, బ్రాందీ, లిక్కర్ ఉంటాయి. గల్ఫ్ నుంచో అమెరికా నుంచో వచ్చిన బంధువులు డబ్బా ఇస్తే పేర్లు చదవండి. జెలటిన్ జంతువు నుంచి వస్తుంది. 471 నంబర్ ఎమల్సిఫైయర్ మొక్క నుంచి గానీ జంతువు నుంచి గానీ రావొచ్చు. మన దేశంలో ప్యాకెట్ మీద పచ్చ చుక్క ఉంటే శాకాహారమని అర్థం. మద్యం సంగతి ఆ చుక్క చెప్పదు. హలాల్ గుర్తు లేదా పూర్తి పదార్థాల పట్టీ చూసి కొనడం మేలు.

మాత్ర మానొద్దు, ఈ లక్షణాలు మరవొద్దు

బీపీ ఎక్కువైనా చాలామందికి ఏమీ తెలియదు. తలనొప్పి లేదు కాబట్టి తగ్గిందనుకుని మాత్ర మానేస్తారు. కొన్ని నెలల తర్వాత ఒక తెల్లవారుజామున కాలు, చెయ్యి పడిపోతాయి. కోకో మీద నమ్మకంతో మాత్ర మానేయడంలో ఉన్న అసలు ప్రమాదం ఇదే. బీపీ మాత్రలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు. మోతాదు తగ్గించాలన్నా డాక్టరే తగ్గించాలి.

కోకో కన్నా ఎక్కువ బీపీ తగ్గించేవి ఇంట్లోనే ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ప్రకారం ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటకూడదు. అంటే ఒక టీస్పూన్. అందులో ఊరగాయ, అప్పడం, బిర్యానీ మసాలాలోని ఉప్పూ కలిసే ఉంటుంది. ఫజర్ తర్వాత అరగంట నడక, బీడీ, సిగరెట్, గుట్కా మానడం, బరువు తగ్గడం ఆ తర్వాతివి.

ముఖం ఒక పక్కకు వంకరపోవడం, ఒక చెయ్యి పైకి లేవకపోవడం, మాట ముద్దగా రావడం, వీటిలో ఏది కనిపించినా పక్షవాతంగా భావించి వెంటనే 108కి ఫోన్ చేయాలి. నాళంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్ మొదటి నాలుగున్నర గంటల్లోనే ఇస్తారు. అది కూడా స్కానింగ్ చేసి, అర్హులని తేలితేనే. పొదిలి నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి స్కానింగ్ ఉన్న ఆసుపత్రికి చేరడానికే కొంత సమయం పోతుంది. అందుకని లక్షణం మొదట కనిపించిన టైమ్ గుర్తుపెట్టుకుని డాక్టర్‌కు చెప్పాలి. ఆ సమయంలో నోట్లో ఏమీ వేయకూడదు. నీళ్లూ వద్దు, చాక్లెట్ అసలే వద్దు.

ఇష్టమైతే చక్కెర లేని కోకో తాగండి. దాదీ బీపీ మాత్ర మాత్రం రోజూ అదే టైమ్‌కు ఆమె చేతిలో పెట్టండి.